బాబాయి బడిబస్సు

ఫోనులో ఆ అమ్మాయి నన్ను "ఓనర్ మేడమ్" అంది.

"ఓనర్ మేడమ్, మీ కారు కొత్త మోడల్ వచ్చిందండీ. డిజైన్ మొత్తం మార్చేశారు. ఇప్పటికే ఈ కారున్న వాళ్ళకి ముందుగా చూపిస్తున్నాం. ఒకసారి వచ్చి నడిపి చూడండి, ప్లీజ్."

కారు నా పేరు మీద ఉన్న మాట నిజమే. పన్నెండేళ్ళుగా ఉంది. కానీ దాని ఓనరు ఎవరని సత్తెనపల్లిలో మా వీధివాళ్ళని అడిగితే మా బాబాయి పేరే చెబుతారు. బాబాయి పోయి ఐదు నెలలైంది. ఆ సంగతి ఫోనులో అమ్మాయికి చెప్పలేదు. ఆమెకే కాదు, పోయాడన్న మాట ఈ ఐదు నెలల్లో నా నోటితో ఎవరికీ చెప్పలేదు. చెప్పాల్సిన అవసరం రాలేదు. అందరికీ తెలుసు.

"వస్తానమ్మా" అన్నాను.

ఏడవలేదు కూడా. గొప్పకి చెప్పడం లేదు. ఆ రోజు వచ్చినవాళ్ళకి మజ్జిగ ఇచ్చాను. తల దగ్గర దీపం కొండెక్కకుండా నూనె పోస్తూ కూర్చున్నాను. "రాయిలా ఉందేంటే ఇది" అని మా మేనత్త పక్కావిడతో అనడం వినపడింది. విని, దీపంలో వత్తి ఎగదోశాను. రోజూ పొద్దున్నే స్వామి ముందు నిలబడి ఇచ్చినవాటికి దండం పెట్టుకోవడం నాకు అలవాటు. ఫలానాది ఇవ్వమని అడగడం చేతకాదు. కన్నీళ్ళు ఇవ్వు స్వామీ అని అడగడం మరీ బాగుండదు కదా.

బాబాయి అంటే మా నాన్నకి తమ్ముడు. గుంటూరు మిరపయార్డులో కాయ నాణ్యం చూసేవాడు. బస్తాలోకి మోచేతిదాకా చెయ్యి పోనిచ్చి, అడుగునున్న కాయని పైకి తీసి, తొడిమ పట్టుకుని చెవి దగ్గర ఆడించేవాడు. లోపల గింజ గలగలమంటే ఎండినట్టు. చప్పుడు లేకపోతే ఇంకా పచ్చి. రంగు పోయి తెల్లబారిన కాయని మావైపు తాలు అంటారు. దాన్నైతే చెవిదాకా కూడా తీసుకెళ్ళేవాడు కాదు. ఆ అలవాటు యార్డులో వదిలేసి వచ్చే రకం కాదాయన. అగ్గిపెట్టె, మందుసీసా, పెళ్ళిపిలుపు కవరు, ఏది చేతికిచ్చినా ముందు చెవి దగ్గర ఆడించాల్సిందే. ఎవరైనా వచ్చి గొప్పలు చెప్పుకుని వెళ్ళాక, వాళ్ళు పోయిన వైపు కాసేపు చూసి, ఖాళీ చేతిని చెవి దగ్గర ఆడించి "గింజ లేదమ్మా" అనేవాడు. అంతకుమించి ఆయన ఒకరిని తిట్టగా నేను వినలేదు.

నేను బడిలో చదువుకోలేదు. చిన్నప్పుడు నాకు ఆయాసం. మా ఇంటి వెనకే మిరప కల్లాలు. మాఘమాసం నుంచి ఎండాకాలం ఆఖరుదాకా కాయ ఆరబోసి ఉంటుంది, గాలి ఎటు తిరిగితే అటు ఘాటు. బడిలో కూర్చున్న నాలుగు రోజులకే పెదాలు నీలంగా అయిపోయాయట. గుంటూరు బ్రాడీపేటలో డాక్టరు గారు "కొన్నాళ్ళు ఇంట్లోనే ఉంచండి" అన్నారు. మా నాన్న కొన్నాళ్ళు అన్న మాట మర్చిపోయి, ఇంట్లో ఉంచడం ఒక్కటి గుర్తుపెట్టుకున్నాడు. నాకు అక్షరాలు దిద్దించింది బాబాయి.

సాయంత్రం యార్డు నుంచి దొడ్డి గుమ్మంలోంచే వచ్చేవాడు. బావి దగ్గర తలస్నానం చేసి, చేతులకి కొబ్బరినూనె రాసుకుని, పుల్లమజ్జిగతో కడుక్కుని, శీకాయతో రుద్దుకుని, ఉతికిన పంచె కట్టుకుని అప్పుడు లోపలికి వచ్చేవాడు. అప్పుడైనా నాకు బారెడు దూరంలో కూర్చునేవాడు. నా పలక ముట్టుకునేవాడు కాదు. పేజీ తిప్పాలంటే పెన్సిలు కొనతో తిప్పేవాడు. లెక్క సరిగ్గా చేస్తే నా జడ కొస రెండు వేళ్ళ కణుపుల మధ్య పట్టుకుని చెవి దగ్గర ఆడించి, "ఎండింది. మార్కెట్టుకి పంపొచ్చు" అనేవాడు. తప్పు చేస్తే "ఇంకో రెండెండలు కావాలి" అనేవాడు. నా చదువంతా ఆ రెండు మాటల మధ్యే నడిచింది.

ఆ కణుపుల సంగతి చెప్పాలి. నాకు ఏడేళ్ళప్పుడు మొదటిసారి ఒక పేజీ ఎక్కడా తడుముకోకుండా చదివేశాను. ఆ సంతోషంలో బాబాయి నా రెండు బుగ్గలూ అరచేతుల్లోకి తీసుకున్నాడు. అన్నిసార్లు కడిగిన చేతులే. కారం తోలు కింద దాక్కుంటుంది కాబోలు. బుగ్గలు చురచురమంటే నేను రుద్దుకుని, అదే చేత్తో కళ్ళు నులుముకున్నాను. మంట. మంటకి ఏడుపు, ఏడుపుకి ఆయాసం. అమ్మ పాలల్లో గుడ్డ ముంచి కళ్ళ మీద వేసింది. "రుద్దకు తల్లీ, రుద్దకు. ఊదుతారు. అదే పోతుంది" అని బాబాయి గుమ్మం అవతల నుంచి అంటూనే ఉన్నాడు. లోపలికి రావడానికి భయం. ఆ రాత్రి అన్నం తినలేదని తర్వాతెప్పుడో అమ్మ చెప్పింది.

ఆ రోజు నుంచి ఆయన నన్ను అరచేత్తో ముట్టుకోలేదు. నాకు జ్వరం చూడాలన్నా చెయ్యి వెనక్కి తిప్పి వేళ్ళ కణుపులు ఆనించేవాడు. పెళ్ళిలో అక్షింతలు వేసి నా తల మీద కణుపులు పెడితే, మా అత్తగారు కంగారుపడి, "అదేంటే, పందిట్లో మొట్టికాయ వేస్తున్నాడేంటి మీ బాబాయి?" అన్నారు.

కారు కొనేనాటికి పిన్ని పోయి చాలా ఏళ్ళయింది. పిల్లల్లేరు. ఒక మంచి సీజను తర్వాత, ఎవరికీ చెప్పకుండా వెళ్ళి తెచ్చాడు. నేలకి కరుచుకున్నట్టు ఉండే కారు. స్పోర్ట్ సెడాన్ అంటారట, పరిగెత్తడానికి చేసిన బండి. మావైపు ఉన్నవాళ్ళంతా ఎత్తుగా ఉండే తెల్లబండ్లు కొంటారు, చేలగట్ల మీద, డొంకల్లో తిరగాలి కదా. మా నాన్న వాకిట్లోకి వచ్చి, దాని చుట్టూ ఒక చుట్టు తిరిగి, "ఒరేయ్, మన దారులకి దున్నపోతు కావాల్రా. జింకపిల్లని తెచ్చావేంటి?" అన్నాడు.

"దున్నపోతు వేసుకుని ఆ యముడే వస్తాడుగా అన్నయ్యా. అప్పుడు ఎలాగూ ఎక్కుతాం" అన్నాడు బాబాయి.

కాగితాలు తీసి నా ముందు పెట్టాడు. చూస్తే నా పేరు. "నిన్ను బడికి పంపలేదు కదమ్మా. ఇది నీ బడిబస్సు అనుకో. కొంచెం లేటుగా వచ్చింది" అన్నాడు. అప్పటికి నాకు ముప్ఫై దాటాయి.

కానీ వెంటనే నడపనివ్వలేదు. కారుతో పాటు లావుపాటి పుస్తకం ఒకటి ఇస్తారు, అంతా ఇంగ్లీషు. అది మొత్తం చదివి చెప్పమన్నాడు. "నడపడం ఎవడైనా నేర్పుతాడు. చదివి నడిపేవాళ్ళేరీ?" అన్నాడు. సాయంత్రాలు వాకిట్లో ఆపి ఉన్న కారులో ఆయన ముందు సీట్లో, నేను వెనక సీట్లో నిఘంటువు ఒళ్ళో పెట్టుకుని కూర్చునేవాళ్ళం. టైర్లలో గాలి ఎంత ఉండాలి, బ్రేకు దీపం వెలిగితే ఏం చెయ్యాలి, వానలో ఎలా నడపాలి, ఒక్కోటి చదివి తెలుగులో చెప్పాలి. దారినపోయేవాళ్ళు ఆగి చూసేవాళ్ళు. రెండు నెలల తర్వాత చివరి పేజీ చెప్పిన రోజు, ముందు సీట్లోంచి వెనక్కి చెయ్యి చాపి, నా జడ కొస ఆడించి తాళంచెవి ఇచ్చాడు. నాకు వచ్చిన ఇంగ్లీషు చాలావరకు ఆ పుస్తకంలోదే.

ఆయన నడిపేటప్పుడు స్టీరింగుకి ఎర్రగళ్ళ తువ్వాలు చుట్టి పట్టుకునేవాడు. నా వంతు వస్తే దాన్ని విప్పి, మడిచి, డ్రైవరు తలుపు అరలో పెట్టేవాడు. "ఇది ముట్టుకోకు. మళ్ళీ కళ్ళు నులుముకుంటావు" అనేవాడు, నేనింకా ఏడేళ్ళ పిల్లనే అయినట్టు. కారులో ఏనాడూ కాయ వెయ్యలేదు. శాంపిలు పొట్లం కూడా స్కూటరు మీదే. "నేనే ఒక మూటని కదమ్మా, వేరే మూటెందుకు?" అనేవాడు. అది నిజం. కొత్తగా ఆ కారెక్కినవాళ్ళు తుమ్మకుండా ఉండలేరు. బయల్దేరేటప్పుడు ఒంటి తుమ్ము మంచిది కాదని మా అమ్మ ఆపించేది. బాబాయి ఇంజను ఆపేసి, అద్దంలోంచి ఆ తుమ్మిన మనిషినే చూస్తూ ఓపిగ్గా కూర్చునేవాడు. రెండో తుమ్ము వచ్చేది. "ఆఁ, జంట కుదిరింది. మన బండిలో అశుభం నిలవదు, పదండి" అనేవాడు.

గుంటూరు నుంచి సత్తెనపల్లి వచ్చే దారిలో, పేరేచర్ల దాటాక ఒక ఊరి మొదట్లో స్పీడ్ బ్రేకరు ఉంది. పద్ధతి ప్రకారం వేసింది కాదు. ఎప్పుడో ఎవరినో లారీ గుద్దేస్తే ఊళ్ళోవాళ్ళే సిమెంటు తెచ్చి పోసుకున్నారు. కోపంలో కట్టింది కాబట్టి ఎత్తుగా కట్టారు. ఇద్దరెక్కితే మా కారు అడుగు దాన్ని గీరుతుంది. ఒక్కరే ఉంటే తగలదు. ఈ లెక్క బాబాయి మొదటి వారంలోనే కనిపెట్టాడు. అప్పట్నుంచి అక్కడికి రాగానే ఆపి "దిగండి" అనేవాడు. ఎవరున్నా సరే. "కారు కొనుక్కుని నడిచే ఖర్మేంట్రా నాకు" అని మా నాన్న సణుగుతూ దిగేవాడు. ఒకసారి పెళ్ళికి పోతూ నలుగురు ఆడవాళ్ళం పట్టుచీరల కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని దిగి, నడిచి దాటి, మళ్ళీ ఎక్కాం. పక్కనున్న టీ బంకులోంచి ఎవరో, "ఏం పెద్దాయనా, గుడేమైనా వచ్చిందా?" అని అరిచారు.

"వచ్చింది, ప్రదక్షిణ కూడా అయింది. ప్రసాదం మీ దగ్గరే, ఐదు టీలు పట్రండి" అన్నాడు.

నేను నడపడం మొదలుపెట్టాక దిగే వంతు ఆయనదైంది. లావుపాటి మనిషి. తలుపు పట్టుకుని "నారాయణా" అంటూ దిగి, బ్రేకరు అవతలకి నడిచి, మోకాళ్ళ మీద చేతులు ఆనించి వంగి, కారు కింద చూస్తూ ఒక చెయ్యి ఆడించేవాడు. "రా... రా... నిదానం... ఆఁ, వచ్చేసింది." దాటాక నేను నాలుగు గజాలు ముందుకి తీసుకెళ్ళి ఆపి, వంగి ఎడమ తలుపు తీసిపెట్టేదాన్ని. ఎక్కి, ఆయాసం తీర్చుకుని, ప్రతిసారీ ఒకే మాట అనేవాడు.

"తగల్లేదు."

ఏదో గండం తప్పినట్టు అనేవాడు. ఆ దారిలో నన్ను ఒక్కదాన్నీ ఎప్పుడూ పంపలేదు. ఇంట్లో ఎంత పని ఉన్నా వచ్చి పక్కన కూర్చునేవాడు. ఇద్దరం ఉంటే అడుగు గీరుతుందని తెలిసీ వచ్చేవాడు, దిగొచ్చు కదా అని.

యార్డులో బస్తా మీద కూర్చుని, కాయ చెవి దగ్గర పెట్టుకుని ఉండగానే పోయాడట. కాయ చేతిలో అలాగే ఉందని తీసుకొచ్చినవాళ్ళు చెప్పారు. గింజ చప్పుడు విన్నాడో లేదో. అప్పుడు నాకు అనిపించింది ఆ ఒక్కటే.

మొన్న శుక్రవారం మావారికి బ్రాడీపేటలో పని, నాకు షోరూములో పని ఉంటే ఇద్దరం ఆ కారులోనే బయల్దేరాం. ఆయనే నడిపారు. బ్రేకరు దగ్గర నేను తలుపు మీద చెయ్యి వేశాను. ఆయన ఆపలేదు. కింద గర్రుమని గీరింది.

"చూశావా? ఇందుకే ఇచ్చెయ్యమంటున్నా. కొత్తది నచ్చితే ఇవాళే చెప్పెయ్. దీన్ని అక్కడే వాళ్ళకి అప్పగించేసి బస్సెక్కి వచ్చెయ్. ఎన్నాళ్ళని దీన్ని పట్టుకుని..." అని ఆగారు. మంచి మనిషి. మాట మధ్యలో ఆపగలిగే భర్త దొరకడం కూడా అదృష్టమే.

"సరే" అన్నాను.

బాబాయి ఇల్లు అద్దెకి పోయింది. బట్టలు పంచేశాం. ఈ కారు కూడా ఇచ్చేస్తే ఆయనది నా దగ్గర ఇంకేమీ మిగలదు. ఆ సంగతి తెలుసు. ఇవ్వాలని లేదు, ఉంచుకోవాలనీ లేదు. ఆ రెండిట్లో ఏదో ఒకటి అనిపిస్తే బాగుండునని మాత్రం ఉంది.

షోరూములో అమ్మాయికి ఇరవై రెండు, మూడు ఉంటాయి. నరసరావుపేట వైపు పిల్ల. నవ్వుముఖం. "పాతదానికీ దీనికీ తేడా మీకు తెలిసినట్టు కొత్తవాళ్ళకి తెలీదు మేడమ్. అందుకే మిమ్మల్ని ముందు పిలిచాం" అంది. కొత్త కారు ఎర్రగా, యార్డులో మొదటిరకం కాయలా నిగనిగలాడుతోంది. ముందుభాగం సన్నగా సాగదీశారు. వెనక దీపాలు ఈ చివర నుంచి ఆ చివరకి ఒకటే గీతగా పెట్టారు. నేను తలుపు తీసి వేశాను. మా కారు తలుపు దబ్బుమంటుంది, ఇది మెత్తగా మూసుకుంది. మూడుసార్లు వేసి చూశాను.

"పుస్తకం ఉందామ్మా?"

"ఏం పుస్తకం మేడమ్?"

"కారుతో పాటు ఇస్తారు కదా, చదువుకోడానికి."

"ఓ, అదా! ఇప్పుడు పుస్తకం ఇవ్వట్లేదండీ, అంతా స్క్రీన్‌లోనే ఉంటుంది. అయినా అది ఎవరు చదువుతారు మేడమ్?"

"నేను చదివాను."

నేనేదో జోకు వేశాననుకుని ఆ పిల్ల నవ్వింది.

హైవే ఎక్కాం. నిజం చెప్పాలి, అది చాలా మంచి కారు. పాతదాని కంటే చురుకు. మలుపులో ఒరగదు. బ్రేకు మీద కాలు ఆనిస్తే చాలు, మాట విన్నట్టు ఆగుతుంది. మా కారులో రెండో గేరు కాసేపు బతిమాలించుకుని పడుతుంది. దీనికి గేర్లు వెయ్యాల్సిన పనే లేదు. ఒకచోట తెల్లగీత దాటబోతుంటే, నా చేతుల్లో ఉన్న స్టీరింగు తనంతట తనే కొంచెం తిరిగింది. ఉలిక్కిపడ్డాను.

"భయపడకండి మేడమ్. మీరు పక్కకి పోతుంటే అదే సరిచేస్తుంది."

బాబాయి పక్కన కూర్చుని స్టీరింగు మీద ఏనాడూ చెయ్యి వెయ్యలేదు. నేను పక్కకి పోతుంటే కణుపులతో డాష్‌బోర్డు మీద రెండుసార్లు తట్టేవాడు. అంతే.

"ఇప్పుడు స్పోర్ట్ మోడ్ వేస్తున్నా, వినండి!" అని ఏదో నొక్కింది. ఇంజను గొంతు ఒక్కసారిగా పెద్దదైంది. "భలే ఉంది కదా మేడమ్? సౌండు స్పీకర్లలోంచి కూడా వస్తుంది, ఫీల్ కోసం."

నా ఎడమచెయ్యి లేచి చెవి దగ్గర ఆడింది.

"ఏమైంది మేడమ్?"

"ఏం లేదమ్మా."

తిరిగొచ్చేటప్పుడు సర్వీసు రోడ్డులో ఒక బడి ముందు స్పీడ్ బ్రేకరు వచ్చింది. ఆపాను.

"దిగమ్మా" అన్నాను.

ఆ పిల్ల నావైపు తిరిగింది. "ఎందుకు మేడమ్?"

"అడుగు తగులుతుంది."

"అయ్యో, దీనికి తగలదండీ! ఎత్తు పెంచారు. పాత కారున్నవాళ్ళందరూ అదే చెప్పారట. పోనివ్వండి, ఏం కాదు."

పోనిచ్చాను. ముందు చక్రాలు ఎక్కి దిగాయి. వెనక చక్రాలు ఎక్కి దిగాయి. ఎవరూ దిగాల్సిన పని పడలేదు.

"చూశారా?" అంది.

"తగల్లేదు" అన్నాను. ఆ మాట నేను అనడం అదే మొదటిసారి. వట్టిగా ఉంది. గింజ లేదు.

షోరూముకి వచ్చేసరికి మావారి ఫోను. "నచ్చిందా?" అన్నారు. బాగుందన్నాను. "మరింకేం, ఇచ్చెయ్" అన్నారు. సరేనన్నాను. ఆ అమ్మాయికి కూడా అదే చెప్పాను. ఆ పిల్ల సంబరపడిపోయి, ఫొటోలు తీసుకోడానికి ఎండలో ఉన్న మా కారు దగ్గరికి నడిచింది. నేను వెనకాలే వెళ్ళాను. డ్రైవరు సీట్లో కూర్చోగానే తుమ్మింది. నేను రెండోదాని కోసం ఆగాను. మళ్ళీ తుమ్మింది.

"మీ సామాన్లేమైనా ఉంటే తీసేస్తాను మేడమ్" అని డాష్‌బోర్డు అరలోంచి ఒక్కొక్కటీ తీసి నా చేతికిచ్చింది. అట్ట ఊడిన పుస్తకం, కొబ్బరినూనె సీసా, కోటప్పకొండ విభూతి పొట్లం. తర్వాత తలుపు అరలో చెయ్యి పెట్టింది.

"ఇది తుడిచే గుడ్డేనా మేడమ్? పారెయ్యనా?" అంటూ తువ్వాలు తీసి ఒక్క దులుపు దులిపింది. నేను నోరు తెరిచేలోపు, నుదుటి మీద నుంచి కారుతున్న చెమటని అదే చేత్తో కళ్ళ మీదుగా తుడుచుకుంది.

"అమ్మో! అమ్మా!"

"రుద్దకు! రుద్దకు తల్లీ, రుద్దకు!"

ఆ అరిచింది నేనే. చేతిలో ఉన్నవన్నీ బానెట్ మీద పడేసి, ఆ పిల్లని జబ్బ పట్టుకుని లోపలికి నడిపించి, కుళాయి కింద కళ్ళు కడిగించాను. కాఫీ కలిపే ఆవిడని చల్లటి పాలు అడిగి, నా రుమాలు ముంచి, కుర్చీలో కూర్చోబెట్టి మూసిన రెప్పల మీద వేశాను. వంగి నెమ్మదిగా ఊదాను.

"ఏంటి మేడమ్ అది, అంత మంట?"

"మిరపకాయల కారం."

"కారులోకి ఎలా వచ్చిందండీ?"

"మా బాబాయిది."

రుమాలు కింద నుంచి నీళ్ళు ధారగా కారుతున్నాయి. ముక్కు ఎర్రబడింది. చుట్టూ వాళ్ళు చూస్తున్నారని సిగ్గుపడి, "ఏడవట్లేదు మేడమ్, మంటకి వస్తున్నాయంతే" అంది.

"రానీ. ఆపకు. నీళ్ళు పోతేనే మంట పోతుంది."

పక్కన కూర్చున్నాను. ఆ పిల్ల చాలాసేపు నీళ్ళు కార్చింది. రుమాలు పిండి మళ్ళీ ముంచాను. బాబాయి వస్తువు చేతిలోకి తీసుకుని, నా కళ్ళెదుట ఇన్ని కన్నీళ్ళు పెట్టిన మనిషి ఈమె ఒక్కతే అనిపించింది. దండం పెట్టాలనిపించింది. పెడితే భయపడుతుందని మానేశాను. గడ్డం మీదికి జారిన పాలూ నీళ్ళూ తుడుస్తూ చూసుకుంటే, నా చెయ్యి వెనక్కి తిరిగి ఉంది. కణుపులతో తుడుస్తున్నాను. తువ్వాలు పట్టుకున్నది ఆ పిల్ల. నా అరచేతులు శుభ్రంగానే ఉన్నాయి.

"ఈ బండి ఇవ్వనమ్మా" అన్నాను.

ఆ పిల్ల రుమాలు లాగేసి ఎర్రటి కళ్ళతో చూసింది. "నావల్లా మేడమ్? నేనేమైనా..."

"నీవల్ల కాదు తల్లీ. ఇందులో కారం ఇంకా పోలేదు. పోయాక చూద్దాం."

"ఎప్పటికి పోతుందండీ?" అంది. ముక్కు చీదుకుంటూ నవ్వింది.

తెలీదన్నాను. చేతులు కొబ్బరినూనెతో రుద్దుకుని, తర్వాత మజ్జిగతో కడుక్కోమని, ఇంటికెళ్ళేదాకా కళ్ళ జోలికి పోవద్దని చెప్పి, నూనె సీసా ఆమెకే ఇచ్చేశాను. మావారికి ఫోను చేసి "ఇవ్వలేదండీ" అన్నాను. "సరే, నేను బస్సులో వస్తాలే. నిదానంగా పో" అన్నారు.

తువ్వాలు రెండు వేళ్ళ కొసలతో పట్టి దాని అరలో దాన్ని పెట్టి బయల్దేరాను. మధ్యాహ్నం మూడు దాటింది. చేలల్లో కొత్తగా మొలిచిన పత్తి. ఆడవాళ్ళు వరసగా వంగి కలుపు తీస్తున్నారు. మనసులో ఏమీ లేదు. పొద్దున ఎలా ఉందో అలాగే ఉంది. ఏదో తేలికపడుతుందనుకున్నాను కానీ అలాంటిదేమీ జరగలేదు.

పేరేచర్ల దాటాక బ్రేకరు వచ్చింది. ఈ దారిలో నేను ఒక్కదాన్నే రావడం అదే మొదలు. ఆపాను. దిగేవాళ్ళు లేరు కాబట్టి ఆపాల్సిన పని లేదు. అయినా ఆపి, అవతల ఎవరో వంగి చూస్తున్నంత నిదానంగా పోనిచ్చాను. ముందు చక్రాలు దిగాయి. ఊపిరి బిగబట్టి విన్నాను. వెనక చక్రాలు దిగాయి. చప్పుడు లేదు.

నాలుగు గజాలు ముందుకి తీసుకెళ్ళి, ఆపి, వంగి ఎడమ తలుపు తీశాను.

ఎండ లోపలికి వచ్చి సీటు మీద పడింది. టీ బంకులో రేడియో మోగుతోంది. ఎంతసేపు అలా ఉన్నానో తెలీదు. వెనక యూరియా బస్తాల ట్రాక్టరు వచ్చి ఆగి హారన్ కొట్టింది. మళ్ళీ కొట్టింది. తర్వాత పక్కకి వచ్చి, ట్రాక్టరాయన పైనుంచి వంగి, తెరిచి ఉన్న తలుపు చూశాడు.

"ఎవరన్నా ఎక్కాలా అమ్మా?"

"మా బాబాయి" అన్నాను.

ఆయన వెనక్కి తిరిగి రోడ్డంతా చూశాడు.

"రాడులే బాబూ" అన్నాను. "పోయాడు."

ఆ మాట బయటికి వచ్చింది. ట్రాక్టరాయన ఇంజను ఆపేశాడు. తలకి చుట్టుకున్న కండువా తీసి చేత్తో పట్టుకున్నాడు.

"నువ్వు ముందు పో తల్లీ" అన్నాడు.

తలుపు వేసుకుని గేరు వేశాను. రెండో గేరు కాసేపు బతిమాలించుకుని పడింది.